కుంచం అంటే ఎన్ని కిలోలు?

ఈ రోజు ఎపిసోడ్ మీలో చాలామంది అడిగిన ఒక్క ప్రశ్న మీద. "అన్నా, మా నాన్నమ్మ కుంచం, తవ్వ, సోల అంటాది. కుంచం అంటే ఎన్ని కిలోలు?"

సూటిగా చెప్పేస్తాను. ఈ ప్రశ్నకి జవాబు లేదు. ఎందుకంటే ప్రశ్నలో ఒక ముక్క తక్కువైంది. కుంచం, సరే. దేని కుంచం? బియ్యమా, ధాన్యమా, చోళ్లా, అటుకులా? ఇంకో ముక్క కూడా తక్కువైంది. ఆ కుంచం కొలిచింది ఎవరు? ఈ రెండో ముక్క నవ్వులాటకి అడగట్లేదు. మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల చరిత్రలో కొంత ఈ ఒక్క ప్రశ్నలోనే దాగుంది.

ముందు లెక్క చూద్దాం. మన పాత కొలమానం ఇది. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. ఐదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. అంటే పుట్టికి 80 కుంచాలు.

ఇందులో ఒకటి గమనించారా? గిద్దకి రెట్టింపు అరసోల, దానికి రెట్టింపు సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. అన్నీ రెట్టింపులే. కుంచానికి 64 గిద్దలు. కోడింగ్ చేసేవాళ్లకి 64 చూడగానే చెయ్యి ఊరుకోదు. బైనరీ! మనవాళ్లకి కంప్యూటర్ తెలుసని నేను అనట్లేదులెండి. కారణం చాలా సింపుల్. రెట్టింపు, సగం అన్నవాటిని చెక్ చెయ్యడానికి కాటా అక్కర్లేదు. రెండు సోలలు పోస్తే తవ్వ నిండాలి. నిండకపోతే రెండిట్లో ఒకటి తప్పు. చదువు రానివాళ్లు కూడా కళ్లంలోనే తేల్చుకోవచ్చు.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఏటంటే, ఇవన్నీ పాత్రలు. ఎంత చోటు పడుతుందో చెప్తాయి గానీ ఎంత బరువో చెప్పవు. బరువుకి వేరే వరస ఉండేది: తులం, పలం, శేరు, వీశె, మణుగు. మూడు తులాలు పలం, ఎనిమిది పలాలు శేరు, ఐదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. చింతపండు, బెల్లం, పసుపు, మిరపకాయలు తూకానికి. గింజలు, పాలు, నూనె కొలతకి. ఒకే ఇంట్లో రెండు వరసలూ పక్కపక్కనే నడిచేవి.

మరి ఒక వరస నుంచి ఇంకో వరసకి ఎలా మారాలి? మా ఇంట్లో ఒక ఇత్తడి సోల ఉంది. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి కొలిచాను. మీ ఇంటి సోల వేరేలా ఉండొచ్చు, కాబట్టి ఈ అంకెలు మా సోలవే. నీళ్లు 350 గ్రాములు. నూనె 320. అంచుకి సమంగా కర్రతో గీసేసిన బియ్యం 290. చోళ్లు, అంటే రాగులు, 265. ధాన్యం 200. బియ్యప్పిండి వదులుగా పోస్తే 190, నొక్కి పోస్తే 250. మెత్తటి ఉప్పు 420.

చూశారుగా, ఒకే సోల. ధాన్యం 200, ఉప్పు 420, రెట్టింపు కంటే ఎక్కువ. పిండి అయితే దాంతో అదే పోటీ పడుతోంది, నొక్కితే ఒక అంకె, వదిలేస్తే ఇంకో అంకె. అందుకే కేక్ వీడియోలో "ఒక కప్పు మైదా" అని చూసి చేస్తే ఒకరికి మెత్తగా, ఒకరికి ఇటుకలా వస్తుంది. పైగా కప్పు కూడా ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. కొన్ని దేశాల్లో 250. జపాన్‌లో వంటల కప్పు 200. రైస్ కుక్కర్‌తో జపాన్‌వాళ్లిచ్చే కప్పు 180, ఎందుకంటే అది వాళ్ల పాత కొలత "గో". అది వాళ్ల గిద్ద, సోల లాంటిదన్నమాట. వాళ్ల పాత కొలత కుక్కర్ డబ్బాలో కూర్చుని ప్రపంచమంతా తిరుగుతోంది.

1896లో బోస్టన్‌లో ఫ్యానీ ఫార్మర్ అనే ఆవిడ ఒక వంటల పుస్తకం వేసింది. ఆవిడ పట్టుబట్టిన విషయం ఒకటే. కప్పయినా చెంచా అయినా పైన కత్తితో గీసి సమం చెయ్యాలి, గోపురం పొయ్యకూడదు. అమెరికా వంటింట్లో అది రుచి సమస్య. మన కళ్లంలో అదే గోపురం కూలి సమస్య, కౌలు సమస్య. అసలు కథ ఇక్కడ మొదలు.

పాత రోజుల్లో పల్లెల్లో చాలా చెల్లింపులు గింజల్లోనే. కంబారికి ఏడాది జీతం ధాన్యం. కోతకి, నూర్పుకి వచ్చిన కూలికి ధాన్యం. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి, వీళ్లకి పంట మీద ఇచ్చే వాటా పేరు మేర. కౌలు కూడా చాలాచోట్ల గింజల్లోనే. నేలని కూడా గింజతోనే చెప్పేవాళ్లు. పుట్టి నేల, తూము నేల అంటే అంత విత్తనం పట్టే నేల. గుళ్లకీ ఇదే లెక్క. ద్రాక్షారామం శాసనాల్లో అఖండ దీపానికి గొర్రెల్ని దానమిచ్చి, రోజుకి మానెడు నెయ్యి పొయ్యాలని రాయించారు. అంటే కొన్ని వందల ఏళ్ల క్రితమే మానిక ఒక ఒప్పందం.

మన భాష కూడా పాత్రలతో నిండిపోయింది. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు అన్నవి చేతి కొలతలు. సోలెడు, మానెడు, పుట్టెడు అన్నవి పాత్ర కొలతలు. దుఃఖం కూడా పుట్టెడే. "కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు" అన్న సామెతలో ఆడపిల్ల ఎత్తు చెప్పడానికీ కుంచమే దొరికింది. కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టి "రెండు, మూడు" అని లెక్కపెట్టే అలవాటు తెలుగు ఊళ్లలో ఉండేది. బాగుంది. కానీ లాభం ఎవరికి?

ఇప్పుడు కొంచెం జామెట్రీ. భయపడకండి, పదో తరగతి చాలు. ఆరు లీటర్లు పట్టే రెండు కుంచాలు ఊహించుకోండి. మొదటిది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అడ్డంగా 16 సెంటీమీటర్లు, ఎత్తు 30. రెండోది వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. అడ్డంగా 24 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 13. అంచు దాకా పోసి కర్రతో గీస్తే రెండిట్లోనూ ధాన్యం ఒకటే. ఎవరూ తప్పు పట్టలేరు.

ఇప్పుడు గీయకుండా పైన గోపురం పొయ్యండి. ధాన్యం కుప్ప సుమారు 35 డిగ్రీల వాలుతో నిలబడుతుంది. శంకువు ఫార్ములా వేస్తే, సన్న కుంచం మీద గోపురం సుమారు 6 శాతం. వెడల్పు కుంచం మీద 21 శాతం. పుట్టి లెక్కకి రండి. 80 కుంచాలు కొలిస్తే సన్న కుంచంతో ఐదు కుంచాలు అదనంగా పోతాయి. వెడల్పు కుంచంతో దాదాపు 17. కుంచం సైజు మారలేదు, పేరు మారలేదు, లెక్కలో 80 అనే రాశారు. పన్నెండు కుంచాల తేడా మాత్రం ఒక గాదెలోంచి ఇంకో గాదెలోకి వెళ్లిపోయింది.

ఇంకా ఉంది. ఎత్తు నుంచి పోస్తే గింజలు గట్టిగా సర్దుకుంటాయి. కుంచాన్ని కాలితో తట్టినా, కుదిపినా అంతే. మెల్లగా పోస్తే వదులుగా ఉంటాయి. అంటే తీసుకునేటప్పుడు కుదిపి గోపురం పోసి, ఇచ్చేటప్పుడు మెల్లగా పోసి గీసేస్తే, ఒకే కుంచం రెండు కుంచాలవుతుంది. ఊళ్లలో పెద్దవాళ్లని కదపండి. "తీసుకునే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరు" అన్న మాట వినిపిస్తుంది.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. విటోల్డ్ కూలా అని పోలండ్ చరిత్రకారుడు. యూరప్‌లో దొరలు, రైతుల మధ్య పాత్రల కొట్లాట మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. అక్కడా ఇవే సంగతులు. వెడల్పు పాత్ర, గోపురం, ఎత్తు నుంచి పోయడం. 1789లో ఫ్రాన్స్ రాజు ప్రజల ఫిర్యాదులు రాసి పంపమంటే, ఎన్నో ఊళ్లు అడిగినవాటిలో ఒకటి ఇది: దేశమంతా ఒకే తూకం, ఒకే కొలత కావాలి. విప్లవం తరువాత 1795లో మెట్రిక్ చట్టం వచ్చింది. అందులో గ్రాము అంటే ఒక ఘన సెంటీమీటరు నీటి బరువు. లీటరు నీళ్లు కిలో. కొలతకీ తూకానికీ మధ్య వంతెన నీళ్లతో కట్టారు. కిలో అన్నది ఏ దొర పాత్ర మీదా ఆధారపడకూడదన్నదే దాని వెనక ఆలోచన.

మన ఏజెన్సీకి వస్తే తూకం ఇంకా పదునైన విషయం. సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం వైపు కొండల్లో సవరలు, జాతాపులు చింతపండు, పసుపు, తేనె లాంటివి కిందకి తెచ్చేవాళ్లు. కొనేది షావుకారు, కాటా షావుకారిది, రాళ్లు షావుకారివి, అప్పు పుస్తకం కూడా షావుకారిదే. కొండ సరుకు తూకం చెప్పేదీ, దానికి బదులుగా ఉప్పూ గుడ్డా ఎంతివ్వాలో చెప్పేదీ ఒక్కడే అయినప్పుడు అవతలి మనిషికి చెక్ చేసుకునే దారి ఏముంది? ఈ పరిస్థితిని మార్చడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జి.సి.సి. అంటామే, అది విశాఖ కేంద్రంగా ఏర్పడింది. మధ్యవర్తి లేకుండా అటవీ సరుకు కొనడం, నిత్యావసరాలు అమ్మడం దాని పని. అయినా కోపం చల్లారలేదు. భూమి, అప్పు, కూలి, తూకం అన్నీ కలిసి గిరిజన సంఘం పోరాటంగా మారాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం చరిత్రలో ఆ రోజు ఒక మలుపు. తూకం ఒక్కటే దానికి కారణం అని నేను చెప్పట్లేదు. ఆ కోపంలో తూకం కూడా ఉందని మర్చిపోవద్దంటున్నాను.

ఇదే కాలంలో దేశం కొలతలు మార్చుకుంది. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు కొన్నిచోట్ల మొదలై, 1960ల మొదట్లో దేశమంతా తప్పనిసరి అయ్యాయి. మార్పు ఎందుకు కావాల్సి వచ్చిందో అర్థం కావాలంటే శేరు చూడండి. మద్రాసు వైపు శేరు 24 తులాలు, అంటే దాదాపు 280 గ్రాములు. ఉత్తరాది శేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. రెండిటి పేరూ శేరే! తులం కథ ఇంకా తమాషా. చట్టం లెక్కలో తులం 11.66 గ్రాములు. ఇప్పుడు మన బంగారం షాపులో తులం అంటే 10 గ్రాములు. మాట మిగిలింది, గ్రామున్నర పైగా కరిగిపోయింది.

ఇక మొదటి ప్రశ్నకి వద్దాం. కూలి కుంచాల్లో ఉన్న ఊళ్లో కిలోల్లోకి మార్చాలి. ఇందాకటి ఆరు లీటర్ల వెడల్పు కుంచమే తీసుకోండి. గీసిన ధాన్యం సుమారు 3.4 కిలోలు. గోపురం పోసిన ధాన్యం సుమారు 4.1. గీసిన బియ్యమైతే 5 కిలోలు. "కుంచం అంటే ఎన్ని కిలోలు" అన్నప్పుడు ఈ మూడు అంకెల్లో ఏది రాస్తారు? 3.4 రాస్తే గోపురం ఇచ్చేవాడికి మిగిలింది. 4.1 రాస్తే కూలికి దక్కింది. మార్పిడి పట్టిక చూడ్డానికి లెక్కలా ఉంటుంది గానీ, గోపురం ఎవరిదన్న తీర్పు అందులోనే ఉంటుంది. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్న అసలు మాట ఇదే.

ఇలాంటిదే ఇంకో ముడి. "ధాన్యం దంపితే సగం బియ్యం" అని పెద్దవాళ్లు అంటారు. మిల్లు లెక్కలో 100 కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం అంటారు. ఎవరు అబద్ధం? ఎవరూ కాదు. తూకంలో మూడింట రెండొంతులు. అదే బియ్యాన్ని కుంచంతో కొలవండి, బియ్యం ధాన్యం కంటే చిక్కగా సర్దుకుంటుంది కాబట్టి రెండు కుంచాల ధాన్యానికి కుంచం కంటే కాస్త తక్కువ బియ్యం వస్తుంది. ఒకటి తూకం మాట, ఒకటి కొలత మాట. రెండూ కలిపేసి మాట్లాడితే తగువే.

సరే, కాటా వచ్చింది కదా, ఇక మోసం లేదా? కాటాకి ఒక గుడ్డితనం ఉంది. కుంచం చేతికి లొంగుతుంది, కాటా తడికి లొంగుతుంది. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే సుమారు 94 కిలోలవుతుంది. ఆరు కిలోలు నీళ్లే. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన అందుకే. కొనేవాడికి ఇది న్యాయమైన భయం. కానీ ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని తేమ చూడకుండానే "బస్తాకి ఇన్ని కిలోలు తరుగు" అంటే, అది పాత గోపురమే. కుంచం మీద పైకి కనిపించే గోపురం, ఇప్పుడు కాటా మీద కనిపించకుండా కూర్చుంది. ప్రతి సీజన్‌లో తరుగు మీద రైతుల ఫిర్యాదులు వార్తల్లో చూస్తూనే ఉన్నాం.

మీ ఇంట్లో ధాన్యం అమ్మేవాళ్లుంటే ఈ ఒక్క విషయం చెప్పండి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో రాసుకున్న పరిమాణం కంటే ఎక్కువ గానీ తక్కువ గానీ అడగడానికి వీలు కల్పించే ఏ ఆచారమైనా, అలవాటైనా చెల్లదు అంటుంది ఆ సెక్షన్. "ఇక్కడ ఇదే పద్ధతి బాబూ" అన్న మాటకి చట్టంలో చోటు లేదన్నమాట. తేమ మీటర్ రీడింగ్ చూపించమని అడగండి. ఖాళీ గోనె బరువు వేరుగా తూయమనండి. కాటా మీద తూనికల కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. అడగడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇప్పుడు వంటింట్లోకి. మన పేదిళ్లలోకి కిలో అన్న మాట గట్టిగా వచ్చింది 1983లో, ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చినప్పుడు. పథకం పేరులోనే కిలో ఉంది. అప్పట్నుంచీ కొనడం కిలోల్లో, వండడం డబ్బాతోనో గ్లాసుతోనో సోలతోనో. రెండు వరసల జీవితం మళ్లీ మొదలైంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం చాలా కుటుంబాలకి మనిషికి నెలకి 5 కిలోలు అంటుంది. ముప్పై రోజులకి పంచితే రోజుకి 166 గ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసు తీసుకుని బియ్యం పోసి సమంగా గీయండి, దాదాపు అంతే. చట్టం ఇచ్చే ఐదు కిలోలంటే మనిషికి రోజుకి ఒక గీసిన గ్లాసు. రెండు పూటలకీ కలిపి. అంకెగా ఐదు కిలోలు పెద్దగా వినిపిస్తుంది. గ్లాసులో పోస్తే గానీ అది ఎంతో కంటికి కనపడదు. అందుకే కొలతని పూర్తిగా వదిలెయ్యమని నేను అనను. తూకం నిజం చెప్తుంది, కొలత ఆ నిజాన్ని చేతికి అందిస్తుంది. రెండూ వచ్చినవాణ్ణి మోసం చెయ్యడం కష్టం.

కాబట్టి మీకు ఒక చిన్న పని. మీ ఇంట్లో సోలో, తవ్వో, కుంచమో ఉంటే అటక మీంచి దించండి. నీళ్లు పోసి తూయండి, ఎన్ని గ్రాములొస్తే దాదాపు అన్ని మిల్లీలీటర్లు. తరువాత బియ్యం, చోళ్లు, ధాన్యం ఒకసారి గీసి, ఒకసారి గోపురం పోసి తూయండి. ఆ అంకెలు కాగితం మీద రాసి వంటింటి తలుపు లోపల అంటించండి. నెట్‌లో దొరికే ఏ పట్టిక కంటే అది మీ ఇంటికి బాగా పనికొస్తుంది. అలాగే మీ తాతనో నాన్నమ్మనో ఒక్కటి అడగండి. "మన ఊళ్లో కుంచం గీసి కొలిచేవారా, గోపురం పోసేవారా? కర్ర ఎవరి చేతిలో ఉండేది?" ఫోన్‌లో రికార్డు చెయ్యండి, మీ ఊరి పేరుతో కామెంట్‌లో రాయండి. శాసనాల్లో మానెడు నెయ్యి దొరుకుతుంది గానీ, మీ ఊరి కళ్లంలో కర్ర ఎవరు పట్టుకున్నారో ఏ శాసనంలోనూ లేదు. అది గుర్తున్నవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.